నడిస్తే "ఆ సమస్య" తగ్గుతుందా? రోజంతా కూర్చుని పనిచేసే మగాళ్లు చెప్పండి

కుర్చీదాసు · నవంబర్ 11, రాత్రి 11:48

ఇక్కడ నాలుగేళ్లుగా చదువుతున్నవాణ్నే. ఈ సంగతి రాయడానికి మాత్రం కొత్త పేరు పెట్టుకుని వచ్చాను, ఏమీ అనుకోకండి.

వయసు 43. హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం. పొద్దున తొమ్మిదిన్నరకి కుర్చీలో కూలబడితే మళ్లీ లేచేది అన్నానికి, టీకి. ఇంటికొచ్చాక సోఫా. అయిదడుగుల ఏడంగుళాల ఎత్తు, 91 కిలోల బరువు. రోజుకి ఆరేడు సిగరెట్లు. నేను ఆఖరుసారి పరిగెత్తింది ఎంఎంటీఎస్ రైలు కోసం, అదీ దొరకలేదు.

ఎనిమిది నెలలుగా అంగస్తంభన సరిగ్గా లేదు. మొదట్లో మధ్యలో సడలిపోయేది, ఇప్పుడు మొదలవడమే గగనం. కోరిక మాత్రం ఉంది. అలసట అనుకున్నాను, జీఎస్టీ రిటర్నుల టెన్షన్ అనుకున్నాను. మా ఇంట్లో "తలనొప్పిగా ఉంది" అనే మాట ఇప్పుడు నేను వాడుతున్నాను.

యూట్యూబ్‌లో చూసి 4,800 రూపాయలు పెట్టి ఒక పొడి తెప్పించాను. పాలల్లో కలుపుకుని నెల తాగితే వచ్చింది కడుపుబ్బరం. మొన్న ఎక్కడో వ్యాయామంతో తగ్గుతుందని చదివాను. నిజమేనా? చేసి చూసినవాళ్లు చెప్పండి. "ధైర్యంగా ఉండు బ్రో" అనేవాళ్లు దయచేసి వద్దు.

ఓరుగల్లోడు · నవంబర్ 12, ఉదయం 6:20

అన్నా, ధైర్యంగ ఉండు అని నేను అన గని, నా కథ ఇను. నాకు 46ల గిట్లనే అయింది. ఎవ్వలికి చెప్పలే. బస్టాండ్ గోడ మీద కాగితం చూసి, లాడ్జిల కూసునే ఒక "డాక్టర్" దగ్గరికి పోయిన. పన్నెండు వేలు గుంజి డబ్బాల భస్మం పోసిచ్చిండు. ఏసుకుంటే గంటల్నే పనిచేసింది! కాకపోతే తల పగిలినట్టు నొప్పి, మొఖమంత ఎర్రగయింది. మా తమ్మునికి మందుల దుకాణం ఉన్నది, వానికి చూపెడితే నవ్విండు. "ఇండ్ల ఇంగ్లీషు గోలి నూరి కలిపిండ్రే అన్నా, భస్మం కాదు బూడిద కాదు" అన్నడు.

తర్వాత భద్రకాళి బండ్ మీద నడుసుడు షురూ జేసిన. ఏమయిందో పొద్దుమీకి చెప్త, ఇప్పుడు డ్యూటీకి పోవాలె. నువ్వు ముందుగాల షుగర్ చూపిచ్చుకున్నవా లేదా?

కుర్చీదాసు · నవంబర్ 12, ఉదయం 9:05

షుగర్ చూపించుకోలేదు. మా నాన్నకి ఉంది. బీపీ ఒకసారి మెడికల్ షాపులో చూస్తే 146/94 ఉంది, ఆ రోజు కాఫీ తాగాను కదా అని వదిలేశాను.

మూడోనంబర్_ఓపీ · నవంబర్ 12, మధ్యాహ్నం 2:40

జిల్లా కేంద్రంలో జనరల్ మెడిసిన్ చూస్తుంటాను. ఇక్కడ ఎవరికీ మందు రాయను, కానీ ఆ 146/94ని కాఫీ మీదికి తోసేయడం చూసి ఊరుకోలేకపోయాను.

కుర్చీదాసు గారూ, మీరు ఇదే మాట నా దగ్గరకొచ్చి చెబితే నేను ముందు అనుమానించేది గుండెని. అంగానికి రక్తం తెచ్చే ధమని వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండె ధమని మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. ఒకే నీళ్లు పారే రెండు గొట్టాల్లో పాచి పట్టిందనుకోండి, ముందు పూడుకుపోయేది సన్నదే కదా. గుండె జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి, అది బయటపడటానికి రెండు నుంచి అయిదేళ్ల ముందే ఈ సమస్య కనిపిస్తుంది. అంటే మీకు కాస్త వ్యవధి ఉన్న హెచ్చరిక వచ్చింది. దాన్ని పొడి కలిపిన పాలతో మింగేశారు.

ఇక వ్యాయామం సంగతి. స్తంభన జరగాలంటే రక్తనాళాల లోపలి పొర నుంచి, అక్కడి నరాల కొసల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుట్టాలి. అది కండరాన్ని వదులు చేస్తే రక్తం నిండుతుంది. ఈ వాయువు శరీరంలో చేసే పనిని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ ఇచ్చారు. నీలం గోలీ, అదే వయాగ్రా, అమెరికాలో అమ్మకానికి వచ్చిందీ ఆ ఏడాదే. ఆ గోలీ కొత్తగా ఆ వాయువుని పుట్టించదు. పుట్టినదాని ప్రభావం త్వరగా కరిగిపోకుండా ఆపుతుంది, అంతే. రైతు భాషలో చెప్పాలంటే గోలీ చేసేది గండి పూడ్చడం. కాలవలోకి నీళ్లు వదలాల్సింది వేరే ఎవరో. ఆయాసం వచ్చేలా నడిచినప్పుడు రక్తం జోరుగా పారి నాళం గోడల్ని ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడికే లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ని ఎక్కువ చేయడం మళ్లీ నేర్చుకుంటుంది. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చున్నవాడిలో ఆ పొర బద్ధకించి ఉంటుంది. అందుకే కదలని మనిషి కదిలితే వచ్చే తేడా బాగా కనిపిస్తుంది.

ఎంత చేయాలంటారా? 2018లో డెన్మార్క్ వాళ్లు అంతకుముందు పదేళ్ల ప్రయోగాలు కలిపి చూసి ఒక లెక్క చెప్పారు. కదలకుండా ఉండేవాళ్లకి, ఊబకాయం, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకి వారానికి నాలుగుసార్లు, ప్రతిసారీ 40 నిమిషాలు, ఆరు నెలలు. ఆరు నెలలు అన్న మాట దగ్గర మా పేషెంట్లు లేచి వెళ్లిపోతారు.

డల్లాస్_పులిహోర · నవంబర్ 12, రాత్రి 8:15

డాక్టర్ గారూ, ఈ స్టడీల్లో తేడా ఎంత వచ్చింది? "మెరుగుపడింది" అని రాసేస్తారు గానీ, ఎంతో చెప్పరు.

మూడోనంబర్_ఓపీ · నవంబర్ 12, రాత్రి 10:02

సరైన ప్రశ్న. 2023లో 11 ప్రయోగాలు, సుమారు 1,100 మంది మగవాళ్ల లెక్కలు కలిపి చూశారు. స్తంభన ఎంత బాగుందో కొలిచే 30 మార్కుల ప్రశ్నపత్రం ఒకటి ఉంటుంది. అందులో వ్యాయామం చేసినవాళ్లకి, చేయనివాళ్ల కంటే సగటున 2.8 మార్కులు ఎక్కువ వచ్చాయి. సమస్య తక్కువగా ఉన్నవాళ్లకి 2.3, బాగా ముదిరినవాళ్లకి 4.9. అంటే అధ్వాన్నంగా ఉన్నవాడికే ఎక్కువ లాభం. మాత్రల వల్ల వచ్చే మార్కులు మామూలుగా దీనికంటే ఎక్కువే, ఆ మాట దాచను. కానీ మాత్ర రాత్రికి పనిచేస్తుంది, నడక మనిషికి పనిచేస్తుంది.

ఇటలీలో ఇంకోటి జరిగింది, 2004లో అచ్చయింది. 110 మంది లావుపాటి మగవాళ్లు, అందరికీ ఈ సమస్య. సగంమందికి తిండి, వ్యాయామం దగ్గరుండి నేర్పారు. మిగతా సగానికి ఊరికే సలహా చెప్పి పంపారు. రెండేళ్ల తర్వాత మొదటి గుంపులో 17 మంది మామూలు స్థితికి వచ్చారు, రెండో గుంపులో ముగ్గురే. మందులు లేకుండా.

పదివేలఅడుగులు · నవంబర్ 13, ఉదయం 5:50

ఇవన్నీ కాగితం మీద బాగుంటాయి. నాకు 54. పద్నాలుగేళ్లుగా షుగర్. రెండేళ్లుగా రోజుకి పదివేల అడుగులు నడుస్తున్నాను, ఫోన్‌లో లెక్క ఉంది, కావాలంటే ఫొటో పెడతాను. నాకు గుండుసూదంత తేడా కూడా రాలేదు. కొత్తవాళ్లకి లేనిపోని ఆశలు పెట్టకండి.

గోదారిగట్టు · నవంబర్ 13, ఉదయం 7:30

పదివేల గారూ, కోపం తెచ్చుకోరంటే ఓ మాటండి. మా రాజమండ్రి గట్టు మీద పొద్దున్నే వాకింగ్ బ్యాచీలు బోల్డు. నలుగురు వరసగా, రోడ్డంతా మాదే అన్నట్టు, అసెంబ్లీ రాజకీయాల కాణ్ణుంచి అల్లుడి ఉద్యోగం దాకా మాట్లాడుకుంటా వెళ్తారు. గంట తర్వాత పెసరట్టుప్మా, దాని మీద స్ట్రాంగ్ కాఫీ. నేనూ ఆ బ్యాచీయేనండి ఒకప్పుడు! అది షికారు, వ్యాయామం కాదు. మా ఫిజియో అమ్మాయి చెప్పింది: నడుస్తుంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకుండా ఉండాలి. మీరు పాట పాడగలరా లేదా?

పదివేలఅడుగులు · నవంబర్ 13, ఉదయం 8:11

విష్ణు సహస్రనామం చదువుకుంటూ నడుస్తాను.

గోదారిగట్టు · నవంబర్ 13, ఉదయం 8:14

చూశారా మరి! వెయ్యి నామాలూ గుక్క తిప్పుకోకుండా వస్తున్నాయంటే వేగం చాలట్లేదండి బాబూ.

మూడోనంబర్_ఓపీ · నవంబర్ 13, మధ్యాహ్నం 3:20

గోదారిగట్టు గారు సగం నిజం చెప్పారు. మిగతా సగం ఏమిటంటే, పద్నాలుగేళ్ల షుగర్ నరాలని కూడా దెబ్బతీసి ఉండొచ్చు. నరం నుంచి కబురే రాకపోతే నాళం ఎంత బాగున్నా పూర్తి ఫలితం ఉండదు. ప్రోస్టేట్ ఆపరేషన్ అయినవాళ్లకీ అంతే. కాబట్టి పదివేల గారూ, మీకు నడక ఒక్కటే చాలకపోవచ్చు. అది మీ తప్పు కాదు. వేగం పెంచండి, దాంతోపాటు మీ డాక్టర్‌ని మాత్ర అడగండి. మాత్ర వేసుకునేవాళ్లు వ్యాయామం కూడా చేస్తే ఆ మాత్రే ఇంకాస్త బాగా పనిచేస్తుంది.

ఈ ఒక్క ముక్క మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందు వాడుతున్నవాళ్లు ఈ మాత్రల జోలికి పోకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఓరుగల్లోడి గారి "భస్మం" ప్రమాదం కూడా అదే, లోపల ఏముందో తెలియకుండా మింగడం. నిజానికి ఇలాంటి ప్రకటనల్ని నిషేధిస్తూ 1954 నుంచీ చట్టం ఉంది. బస్టాండు గోడలకి ఆ సంగతి తెలియదు.

పాతకాపు59 · నవంబర్ 13, సాయంత్రం 6:45

డాక్టర్ గారికి నమస్కారం. బీపీ గోళీల వల్లే ఇది వస్తుందని మా బావమరిది చెబితే వారం నుంచి మానేశాను. మంచిదేనా?

మూడోనంబర్_ఓపీ · నవంబర్ 13, సాయంత్రం 6:52

కాదు. ఈ పూటే మళ్లీ మొదలుపెట్టండి. కొన్ని పాత రకం బీపీ మందులతో, మూత్రం ఎక్కువ పోయించే నీటి మాత్రలతో ఈ ఇబ్బంది రావొచ్చు, నిజమే. దానికి మందు మార్పించుకోవాలి, మానకూడదు. రాసిన డాక్టర్‌నే అడగండి, రోజూ వినే ప్రశ్నే ఇది, ఏమీ అనుకోరు.

ఓరుగల్లోడు · నవంబర్ 13, రాత్రి 9:30

నిన్న చెప్త అన్న గద. మొదటి నెల ఏం కాలే. మోకాళ్లు గుంజినయ్. మా ఇంటామె "గీ వయసుల గీ ఉరుకుడేంది" అని నవ్వింది. రెండో నెల సగం గడిచినంక తెల్లారగట్ల లేస్తే... అర్థమైంది గద. ఎన్నేండ్ల కింద పోయిన చుట్టం మల్లొచ్చినట్టయింది. పూర్తిగ సక్కగ అయ్యేటాళ్లకు ఏడెనిమిది నెలలు పట్టింది. సిగరెట్ గూడ బందు పెట్టిన, అందుకని ఏది ఎంత పనిచేసిందో నేను చెప్పలేను.

గోదారిగట్టు · నవంబర్ 14, ఉదయం 7:05

ఇంకోటుందండి, ఎవరూ చెప్పట్లేదు. కటి కండరాల వ్యాయామం. యోగాలో మూలబంధం అంటారే, దాదాపు అదే. గ్యాస్ బయటికి రాకుండా బిగపట్టుకుంటాం చూడండి, ఆ కండరం. నిలబడి అద్దంలో చూసుకుంటే అంగం కాస్త లోపలికి, బీజాలు కాస్త పైకి కదులుతాయి. కదిలితే కరెక్టు. పిర్రలు బిగించేసి, ఊపిరి బిగపట్టేసి, మొహం ఎర్రగా చేసుకుంటే అది వేరే వ్యాయామం! నేను మొదటి రెండు వారాలూ అదే చేశానండి. ఒకటి నుంచి పది అంకెలు లెక్కపెట్టినంతసేపు బిగించి, అంతసేపూ వదిలేయాలి. పడుకుని ఓసారి, కూర్చుని ఓసారి, నిలబడి ఓసారి. మూత్రం పోసేటప్పుడు ఆపి ఆపి చేయమని కొందరు చెబుతారు, అది రోజూ చేయొద్దంది మా ఫిజియో.

మూడోనంబర్_ఓపీ · నవంబర్ 14, మధ్యాహ్నం 1:30

దీనికీ ఆధారం ఉంది. ఇంగ్లండులో 55 మంది మీద చేసి చూశారు, ఆరు నెలల్లో 40 శాతం మందికి పూర్తిగా మామూలైంది, ఇంకో 35 శాతానికి మెరుగైంది. మిగతావాళ్లకి ఏమీ కాలేదు. చిన్న ప్రయోగమే, కానీ ఖర్చు లేనిది. ఆ కండరాలు లోపలికి వచ్చిన రక్తాన్ని బయటికి పోకుండా పట్టి ఉంచడానికి సాయపడతాయి. మధ్యలో సడలిపోయేవాళ్లు ముందు దీన్ని చూడొచ్చు.

డల్లాస్_పులిహోర · నవంబర్ 14, రాత్రి 9:40

సైకిల్ తొక్కేవాళ్లకి నా అనుభవం. ఇక్కడ చలికి బయట నడవలేక ఇంట్లో సైకిల్ మెషీన్ కొన్నాను. ముక్కు పొడుగ్గా ఉండే సన్న సీటు. గంట తొక్కితే కింద మొద్దుబారిపోయేది. మంచికోసం చేస్తుంటే చెడు అవుతోందా అని భయమేసింది. సీటు వెడల్పుది వేయించి, హ్యాండిల్ కాస్త ఎత్తి, పది నిమిషాలకోసారి లేచి తొక్కుతున్నాను, మొద్దుబారడం పోయింది. జిమ్‌లో బరువులెత్తితే టెస్టోస్టెరాన్ పెరిగి ఇది తగ్గుతుందని ఒక ట్రైనర్ నాకు మూడు డబ్బాల ప్రోటీన్ అంటగట్టాడు. ఆ కథ ఇంకోసారి.

ఇంటావిడ_గుంటూరు · నవంబర్ 15, మధ్యాహ్నం 12:10

ఆడవాళ్లు రాయొచ్చో లేదో తెలీదు, రాస్తున్నాను. మా ఆయనకి ఇదే వచ్చింది. ఏడాదిపాటు ఆయన నాకు చెప్పలేదు. నేనేమో నా మీద మనసు పోయిందనుకున్నాను. నాకు వయసైపోయింది, లావయ్యాను అని అద్దం ముందు నిలబడి ఏడ్చిన రోజులున్నాయి. ఆయన పొద్దున్నే స్టేడియానికి వాకింగ్‌కి పోవడం మొదలుపెడితే ఇంకెవరికోసమో తయారవుతున్నాడనుకున్నాను. నవ్వొద్దు.

కుర్చీదాసు గారూ, మీ ఆవిడ "తలనొప్పి" నమ్ముతోందని మీరనుకుంటున్నారేమో. చెప్పండి ముందు.

కుర్చీదాసు · నవంబర్ 15, రాత్రి 11:30

ఇది నాలుగుసార్లు చదివాను.

పరీక్షకి రక్తం ఇచ్చొచ్చాను. ఫలితం రేపు.

కుర్చీదాసు · నవంబర్ 17, రాత్రి 10:15

మూణ్ణెల్ల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 6.3. డాక్టర్ "ఇంకా గీత దాటలేదు, గీత మీద నిలబడ్డావు" అన్నారు. 6.5 దాటితే షుగర్ కిందే లెక్కట. చెడు కొలెస్ట్రాల్ 158. నడుం చుట్టుకొలత 104 సెంటీమీటర్లు, మనవాళ్లకి 90 దాటకూడదట. ఈసీజీ బాగుంది, ట్రెడ్‌మిల్ మీద కూడా నడిపించారు. బీపీకి మాత్ర రాశారు. అయిదు ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చి మార్కులు వేసుకోమన్నారు. 25కి 10 వచ్చాయి. ఇంటర్ లెక్కల్లో కూడా ఇంత తక్కువ రాలేదు.

ఇంట్లో చెప్పేశాను. ఏమందో రాయను. గుంటూరు అక్కకి దండం.

కుర్చీదాసు · డిసెంబర్ 9, ఉదయం 8:00

మూడు వారాలు. కాలనీ పార్కులో వారానికి అయిదు రోజులు. మొదటి వారం పావుగంటకే పిక్కలు పట్టేశాయి. ఇప్పుడు రెండు నిమిషాలు జోరుగా, ఒక నిమిషం మామూలుగా, అలా 35 నిమిషాలు వస్తోంది. సిగరెట్లు రెండుకి దిగాయి. అసలు సంగతిలో మార్పు సున్నా. ఆఫీసులో మూడో అంతస్తుకి మెట్లెక్కి వెళ్తుంటే సెక్యూరిటీ అతను "లిఫ్ట్ పనిచేస్తోంది సార్" అని వెనకాలే వచ్చి మరీ చెప్పాడు.

ఓరుగల్లోడు · డిసెంబర్ 9, ఉదయం 8:25

సున్నా అనే వస్తది. బందు వెట్టకు.

కుర్చీదాసు · జనవరి 19, ఉదయం 6:10

ఓరుగల్లు అన్నా, చుట్టం వచ్చాడు.

కుర్చీదాసు · మార్చి 2, రాత్రి 10:50

నాలుగో నెల లెక్క రాస్తున్నాను, వరసగా ఏమీ లేదు. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులు మానేశాను, అరిసెలు లెక్కపెట్టలేదు, తిరిగొచ్చాక మళ్లీ మొదటి వారంలాగే పిక్కలు పట్టాయి. సిగరెట్ పూర్తిగా మానేసి నెల. బరువు 91 నుంచి 87, అంతే. నేను పది కిలోలు తగ్గుతాననుకున్నాను. మార్కులు 10 నుంచి 15. ఒక శనివారం స్నేహితుడింట్లో మూడు పెగ్గులు వేసి వచ్చిన రాత్రి పూర్తిగా ఫెయిల్. ఆ దెబ్బకి తర్వాతి వారం భయంతోనే ఇంకోసారి ఫెయిల్. భయం కూడా జబ్బులో భాగమే అనిపిస్తోంది.

మూడోనంబర్_ఓపీ · మార్చి 3, మధ్యాహ్నం 2:05

భాగమే. "అవుతుందా కాదా" అని మనసు కాపలా కాస్తుంటే అడ్రినలిన్ పెరిగి నాళాలు బిగుసుకుంటాయి. తెల్లవారుజామున బాగానే ఉండి, మెలకువలో ఫెయిల్ అవుతుంటే అందులో మనసు వాటా ఉన్నట్టే. బరువు నాలుగు కిలోలే తగ్గిందని బాధపడకండి, నాళాల లోపలి పొర బాగుపడటానికి కాటా ముల్లు కదలాలనేం లేదు. నడుం కొలిచారా?

కుర్చీదాసు · మార్చి 3, రాత్రి 9:20

97. బెల్టుకి కొత్త చిల్లు వేయించాను.

పదివేలఅడుగులు · ఏప్రిల్ 14, ఉదయం 6:30

నవంబర్‌లో చిరాకుగా రాసినవాణ్ని నేనే. డాక్టర్ దగ్గరకెళ్లాను. నరాల పరీక్ష చేసి దెబ్బతిన్నాయనే చెప్పారు. మాత్ర రాశారు. సహస్రనామం ఇంట్లో చదువుకుని, నడిచేటప్పుడు నోరు మూసుకుని జోరుగా నడుస్తున్నాను. మాత్ర లేకుండా ఇప్పటికీ లేదు. మాత్రతో పదిసార్లలో ఆరేడుసార్లు ఉంది. షుగర్ సగటు 8.4 నుంచి 7.2కి దిగింది. అద్భుతమేమీ కాదు. మానే ఉద్దేశం కూడా లేదు.

నిశ్శబ్ద_పాఠకుడు · మే 8, రాత్రి 11:15

ఇంతవరకు చదవడమే చేశాను. 38, 96 కిలోలు, రెండు మోకాళ్లూ నొప్పి. నడవలేనివాడు ఏం చేయాలి? పైగా ఈ ఎండలు.

డల్లాస్_పులిహోర · మే 8, రాత్రి 11:40

ఈత వచ్చా? రాకపోయినా నీళ్లల్లో నడుం లోతులో నడవండి, మోకాలికి బరువు పడదు. లేదంటే వెడల్పు సీటు సైకిల్. గుండె జోరుగా కొట్టుకోవాలి, ఎలా కొట్టుకుంటే ఏం.

కుర్చీదాసు · మే 9, ఉదయం 7:20

తమ్ముడూ, ముందు రక్తం ఇచ్చిరా. షుగర్, కొలెస్ట్రాల్, బీపీ. నేను ఎనిమిది నెలలు పోగొట్టుకున్నది అక్కడే. ఎండల్లో నేను అయిదుంపావుకే దిగుతున్నాను, ఏడు దాటితే పార్కులో కూడా సెగ. మా ఆవిడ కూడా వస్తోంది. ఆవిడ నాకంటే జోరుగా నడుస్తుంది, అది వేరే బాధ.

ఆరు నెలల మార్కులు 19. బరువు 85. మూణ్ణెల్ల షుగర్ సగటు 5.8.

ఓరుగల్లోడు · మే 9, ఉదయం 7:45

శభాష్. గా 4,800ల పొడి ఏం జేసినవన్నా, ఇంక ఉన్నదా?

కుర్చీదాసు · మే 9, ఉదయం 7:52

మిగిలింది బాల్కనీలో గులాబీ కుండీకి వేశాను. మొగ్గ కూడా వేయలేదు.